లిస్ప్: ఐబీఎం 704 కోసం పుట్టిన భాష, చిత్తూరు సీమతో దాని చుట్టరికం

లిస్ప్ అనేది 1958లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో ఐబీఎం 704 అనే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద రూపుదిద్దుకున్న ప్రోగ్రామింగ్ భాష. రూపకర్త జాన్ మెకార్తీ (1927–2011). ‘లిస్ట్ ప్రాసెసర్’ అన్న రెండు మాటల్ని కుదించి ఆ పేరు పెట్టారు. నేటికీ వాడుకలో ఉన్న పైస్థాయి కంప్యూటర్ భాషల్లో దీనికంటే ముందుదిగా ఫోర్ట్రాన్‌ను మాత్రమే చెబుతారు. ఫోర్ట్రాన్ అంకెల కోసం పుట్టింది. లిస్ప్ పేర్లు, సూత్రాలు, వాక్యాల వంటి గుర్తుల కోసం పుట్టింది. కృత్రిమ మేధ పరిశోధన అమెరికాలో తొలి దశాబ్దాల్లో ఎక్కువగా ఈ భాషలోనే సాగింది.

తిరుపతి వైపు పాఠకులకు ఈ చరిత్రతో ఒక చుట్టరికం ఉంది. మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందిన దబ్బల రాజగోపాల్ రెడ్డి పాత చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937 జూన్ 13న పుట్టారు. ప్రపంచానికి ఆయన రాజ్ రెడ్డి. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియా నుంచి ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. అయితే ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. లిస్ప్ తయారీలో ఆయన చెయ్యి లేదు. ఆ భాష మొదలైన 1958లో ఆయన మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. మన పత్రికల్లో రాజ్ రెడ్డి పేరు వచ్చినప్పుడల్లా కృత్రిమ మేధ మొత్తాన్నీ ఆయన ఖాతాలో వేసే అలవాటు ఒకటి కనిపిస్తుంది. దానివల్ల ఆయన నిజంగా చేసిన పని మరుగున పడుతుంది. ఆయన లిస్ప్‌ను కన్నవారు కాదు, లిస్ప్ ఇంట్లో చదువుకున్నవారు.

యంత్రం

ఐబీఎం 704ను ఆ కంపెనీ 1954లో ప్రకటించింది. వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఈ యంత్రం ఒక గదిని ఆక్రమించేది. దశాంశ భిన్నాల లెక్కలు చేసే ఏర్పాటు యంత్రంలోనే ఉండటం, మెమరీకి అయస్కాంత వలయాలు వాడటం దీని ప్రత్యేకతలు. మెమరీ గరిష్ఠంగా 32,768 వర్డులు, ఒక్కో వర్డు 36 బిట్లు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే 144 కిలోబైట్లు. మీ ఫోనులోని ఒక మామూలు ఫొటో కూడా అందులో పట్టదు. 1960 దాకా ఇలాంటివి 123 అమ్ముడయ్యాయి. ఎంఐటీలో ఒకటి నెలకొల్పి దాని సమయాన్ని ఎంఐటీ, న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు కాలేజీలు, ఐబీఎం కంపెనీ పంచుకునేలా ఒప్పందం చేసుకున్నారు. అప్పట్లో డార్ట్‌మత్ కాలేజీలో గణితం చెబుతున్న మెకార్తీకి 704 చేరువైంది ఈ ఒప్పందం ద్వారానే.

ఈ యంత్రం మీద పని అంటే కూర్చుని మీటలు నొక్కడం కాదు. ప్రోగ్రామును కార్డులకు చిల్లులు పొడిచి, కట్ట కట్టి, ఆపరేటర్‌కు అప్పగించాలి. మన వంతు వచ్చాక ఫలితం అచ్చయి వస్తుంది. ఒక చిల్లు తప్పు పడితే మళ్లీ మొదటికే.

1957లో జాన్ బాకస్ బృందం ఇదే యంత్రానికి ఫోర్ట్రాన్‌ను తెచ్చింది. ఇంజనీర్లు బీజగణిత సూత్రాన్ని దాదాపు ఉన్నది ఉన్నట్టే రాసుకోగలిగారు. అది గొప్ప విజయం. కానీ ఫోర్ట్రాన్‌కు తెలిసిందల్లా సంఖ్యలు, సంఖ్యల పట్టికలు. ‘ఈ సూత్రాన్ని అవకలనం చెయ్యి’ అంటే, సూత్రాన్ని సూత్రంగానే పట్టుకుని విప్పి మరో సూత్రం కట్టమంటే, దాని దగ్గర సాధనం లేదు.

ముందు దారి వేసినవారు

1956 వేసవిలో డార్ట్‌మత్‌లో జరిగిన సమావేశం కృత్రిమ మేధకు పేరు పెట్టిన సమావేశంగా ప్రసిద్ధం. దాని నిర్వాహకుల్లో మెకార్తీ ఒకరు. అక్కడికి అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తాము క్లిఫ్ షాతో కలిసి చేసిన ఐపీఎల్ అనే భాషను తీసుకువచ్చారు. ర్యాండ్ సంస్థవారి జానియాక్ యంత్రం కోసం రాసిన భాష అది. సమాచారాన్ని వరుస గదుల్లో పెట్టకుండా గొలుసులా అల్లుకునే జాబితాలుగా ఉంచడం అందులోని కొత్త ఊహ. ఊహ మెకార్తీకి నచ్చింది, భాష నచ్చలేదు. ఐపీఎల్ రాత యంత్రభాషకు మరీ దగ్గరగా ఉండేది. ఫోర్ట్రాన్‌లా సూత్రాలు రాసుకునే వీలూ, ఐపీఎల్‌లా జాబితాలూ రెండూ ఒకే చోట ఉండాలని ఆయన కోరిక.

ఐబీఎంలో నథానియల్ రోచెస్టర్ విభాగం అదే సమయంలో జ్యామితి సిద్ధాంతాలను నిరూపించే ప్రోగ్రాము చేయిస్తోంది. హెర్బర్ట్ గెలర్న్‌టర్, కార్ల్ గెర్బరిచ్ దానికోసం ఫోర్ట్రాన్‌కే జాబితా పనులు చేసే అదనపు విభాగాలు తగిలించారు. మెకార్తీ వారికి సలహాదారు. ఆ అతుకు పనిచేసింది గానీ ఆయనకు తృప్తినివ్వలేదు. ఒక ప్రమేయం (ఫంక్షన్) తనను తానే పిలుచుకోవడం అప్పటి ఫోర్ట్రాన్‌లో కుదరదు. ‘ఇలా అయితే ఇది, లేకపోతే అది’ అన్న షరతును సూత్రం లోపలే రాయడానికీ వీల్లేదు. చదరంగం ప్రోగ్రాము రాస్తున్నప్పుడు ఆయన ఫోర్ట్రాన్‌లోనే ఒక షరతు ప్రమేయాన్ని కల్పించి చూశారు. అది రెండు దారుల్లోనూ లెక్క కట్టి, ఆ తర్వాత ఒకదాన్ని పారేసేది. అవసరమైన దారిలోనే లెక్క కట్టే షరతు కావాలి. నేటి భాషల్లో చాలావాటిలో కనిపించే ‘ఇఫ్–దెన్–ఎల్స్’ వ్యక్తీకరణ వెనుక ఉన్నది ఈ చిరాకే. ఆల్గాల్ 60 అనే భాషలోకి కూడా అది మెకార్తీ ప్రతిపాదనతోనే చేరింది.

1958 వేసవిని మెకార్తీ ఐబీఎంలో గడిపారు. సూత్రాల అవకలనాన్ని నమూనా సమస్యగా ఎంచుకున్నారు. కాలిక్యులస్ పుస్తకంలో నియమం ఎలా ఉంటుంది? రెండు పదాల మొత్తానికి అవకలజం, ఆ పదాల అవకలజాల మొత్తం. నిర్వచనంలోనే నిర్వచించే మాట మళ్లీ వస్తుంది. ప్రోగ్రామూ అలాగే ఉండాలన్నది ఆయన పట్టు. ఈ ఒక్క సమస్య నుంచే లిస్ప్ లక్షణాల్లో సగం పుట్టాయి.

ఆ శరత్కాలంలో ఆయన ఎంఐటీకి మారారు. అక్కడ మార్విన్ మిన్‌స్కీ, మెకార్తీ కలిసి కృత్రిమ మేధ ప్రాజెక్టు మొదలుపెట్టారు. దాని పుట్టుక గురించి మెకార్తీ చెప్పుకున్న కథ సరదాగా ఉంటుంది. నడవలో ఎదురైన పరిశోధనశాల అధిపతి జెరోమ్ వీస్నర్‌ను ఒక గది, ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక సెక్రటరీ, ఒక కార్డు పంచింగ్ యంత్రం అడిగారట. ఆయన అవి ఇస్తూ, గణిత విభాగం నుంచి ఆరుగురు పరిశోధక విద్యార్థుల్ని కూడా తీసుకుంటారా అని అడిగారట. ఇంతకంటే తక్కువ కాగితాలతో మొదలైన పెద్ద ప్రాజెక్టు చరిత్రలో ఇంకోటి ఉంటుందా అన్నది అనుమానమే.

జాబితా, పునరావృతి

లిస్ప్‌లో రాసేదంతా కుండలీకరణాల మధ్య ఉంటుంది. (మామిడి వేరుశనగ చెరకు) అంటే మూడు సభ్యుల జాబితా. (ప్లస్ 2 3) అన్నది కూడా జాబితాయే, కాకపోతే అమలు చేయదగ్గ జాబితా, విలువ 5. సమాచారానికీ ప్రోగ్రాముకూ ఒకే రూపం ఉండటం వల్ల ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును సమాచారంగా తీసుకుని చదవగలదు, మార్చగలదు, కొత్తది రాయగలదు.

జాబితాను రెండుగా విడదీసే పనులు రెండే ఉన్నాయి. ‘కార్’ మొదటి సభ్యుణ్ని ఇస్తుంది: మామిడి. ‘కుడర్’ మిగిలినదంతా ఇస్తుంది: (వేరుశనగ చెరకు). రెండు ముక్కల్ని తిరిగి కలిపేది ‘కాన్స్’. ఈ మూడింటితో, సమానత్వం లాంటివి చూసే పరీక్షలతో, షరతుతో, ప్రమేయ నిర్వచనంతో మిగతాదంతా కట్టుకోవచ్చు. కట్టే పద్ధతి పేరు పునరావృతి, అంటే ఒక ప్రమేయం తన నిర్వచనంలో తననే వాడుకోవడం.

దీన్ని అర్థం చేసుకోవడానికి అలిపిరి కంటే మంచి చోటు లేదు. పాదాల మండపం దగ్గర నిలబడి కొండకు ఎన్ని మెట్లని ఎవరినైనా అడిగితే 3,550 అంటారు. లిస్ప్ ఆ సంఖ్య గుర్తు పెట్టుకోదు, లెక్కించే తీరు చెబుతుంది: ముందు మెట్టే లేకపోతే జవాబు సున్నా, ఉంటే, దాన్ని దాటాక మిగిలిన దారిలో ఎన్ని మెట్లున్నాయో కనుక్కుని ఒకటి కలుపు. అంతే. గాలిగోపురం దాకా లెక్కించినా, తిరుమల దాకా లెక్కించినా నిర్వచనం మారదు. మొక్కు ఉన్నవాళ్లు మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ పోతారు కదా. మెట్లు వేరు, చేసే పని ఒకటే. ఒక పనిని జాబితాలోని ప్రతి చోటా జరిపించి ఫలితాల జాబితా తిరిగిచ్చే ‘మ్యాప్‌లిస్ట్’ ప్రమేయాన్ని మెకార్తీ అవకలనం కోసమే కల్పించారు. అయితే ఆ మెట్ల లెక్కలో ఒక చిక్కుంది. పైమెట్టు చేరేదాకా కూడిక మొదలే కాదు. అప్పటిదాకా ‘ఒకటి కలపాలి’ అన్న బాకీలు 3,550 ఎక్కడో రాసి పెట్టుకోవాలి, దిగివచ్చేటప్పుడు వెనక నుంచి ఒక్కొక్కటి తీర్చాలి. అలా రాసుకునే చోటే స్టాక్. 704లో దానికి ప్రత్యేక ఏర్పాటేమీ లేదు. లిస్ప్ బృందం మెమరీలో ఒక వరుసను కేటాయించి, ప్రమేయాలన్నీ తమ విలువల్ని, తిరిగి వెళ్లాల్సిన చిరునామాల్ని అందులోనే దాచుకునేలా చేసింది.

ప్రమేయాన్ని మరో ప్రమేయానికి అందించాలంటే పేరు లేని ప్రమేయాన్ని రాసే పద్ధతి కావాలి. దానికి ‘లాంబ్డా’ అనే గుర్తును తర్కశాస్త్రవేత్త అలోంజో చర్చ్ నుంచి తీసుకున్నారు. చర్చ్ పుస్తకంలో మిగతాది తనకు అర్థం కాలేదని మెకార్తీ తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు. లిస్ప్ అంతా లాంబ్డా గణితం నుంచి దిగివచ్చిందని చెప్పేవారికి ఈ మాట మింగుడు పడదు.

యంత్రం వదిలిన ముద్ర

కార్, కుడర్ అన్న వింత పేర్లు ఎక్కడివి? 704 వర్డులోని 36 బిట్లు నాలుగు భాగాలు: 3 బిట్ల ప్రిఫిక్స్, 15 బిట్ల డిక్రిమెంట్, 3 బిట్ల ట్యాగ్, 15 బిట్ల అడ్రస్. మెమరీలో ఉన్నవి 32,768 వర్డులు. వాటిలో దేన్నైనా చూపడానికి సరిగ్గా 15 బిట్లు చాలు. అంటే ఒకే వర్డులో రెండు చిరునామాలు ఇముడుతాయి. ఒకటి సభ్యుడు ఉన్న చోటు, రెండోది తర్వాతి గొలుసు ఉన్న చోటు. ‘కంటెంట్స్ ఆఫ్ ది అడ్రస్ పార్ట్ ఆఫ్ రిజిస్టర్’ కార్ అయింది. డిక్రిమెంట్ భాగంలోనిది కుడర్ అయింది. మొదట్లో ప్రిఫిక్స్‌కూ ట్యాగ్‌కూ కూడా ఇలాంటి పేర్లు ఉండేవి, అవి పోయాయి.

వీటి బదులు అర్థవంతమైన పేర్లు పెడదామనుకునే లోపే అలవాటు స్థిరపడింది. 704లు మూలనపడి ఎన్నో దశాబ్దాలైంది. వాటి రిజిస్టర్ భాగాల పేర్లు మాత్రం నేటి లిస్ప్ సంతతిలో చాలావాటిలో బతికే ఉన్నాయి. గణిత సౌందర్యానికి ప్రతీకగా చెప్పుకునే ఈ భాష లోపల ఒక ఐబీఎం యంత్రపు వైరింగ్ నమూనా దాగి ఉందన్నమాట. నా దృష్టిలో లిస్ప్ చరిత్రలో ముఖ్యమైన పాఠం ఇదే: దీని సిద్ధాంతం, దీని ఇరుకు రెండూ కలిసే ఈ భాషను చేశాయి. ఇరుకును తీసేసి సిద్ధాంతాన్ని మాత్రమే చెప్పే పుస్తకాలు సగం కథే చెబుతున్నాయి.

చెత్త ఏరివేత (గార్బేజ్ కలెక్షన్) ఇందుకు మరింత గట్టి ఉదాహరణ. జాబితాలు కట్టుకుంటూ, విప్పుకుంటూ పోతే పనికిరాని గూళ్లు మెమరీ నిండా మిగులుతాయి. వాటిని తిరిగి వాడుకోకపోతే 32,768 వర్డులు ఇట్టే అయిపోతాయి. ఏది అక్కర్లేదో ప్రోగ్రామరే చెప్పి చెరపడం ఒక పద్ధతి. గెలర్న్‌టర్ బృందం అలాగే చేసింది. కానీ అవకలన ప్రమేయం అంత శుభ్రంగా ఉండగా దాని మధ్యలో ‘ఇది చెరుపు, అది చెరుపు’ అన్న ఆజ్ఞలు దూర్చడం మెకార్తీకి ససేమిరా ఇష్టం లేకపోయింది. ఒక్కో గూటిని ఎందరు చూపుతున్నారో లెక్క ఉంచడం రెండో పద్ధతి. దానికి గూట్లో చోటు కావాలి. రెండు చిరునామాలు పోగా వర్డులో మిగిలింది ఆరు బిట్లు, అవీ రెండు చోట్ల విడివిడిగా. కుదరదు. అందుకే మూడో దారి పట్టారు: ఖాళీ అయిపోయేదాకా పట్టించుకోకు, అయిపోయాక ప్రోగ్రాముకు అందుబాటులో ఉన్న గూళ్లన్నిటికీ గుర్తు పెట్టు, గుర్తు లేనివన్నీ ఖాళీ కిందే లెక్క. ఈ ప్రోగ్రామును డేనియల్ ఎడ్వర్డ్స్ రాశారు. తర్వాత జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ లాంటి భాషలన్నీ ఏదో ఒక రూపంలో తమ చెత్తను తామే ఏరుకుంటున్నాయి. ఆరు బిట్లు చాలకపోవడం వల్ల దొరికిన దారి అది.

ఈ ఏరివేత ఒకసారి బహిరంగంగా పరువు తీసింది. ఎంఐటీకి డబ్బిచ్చే పరిశ్రమల ప్రతినిధుల ముందు లిస్ప్‌ను ప్రదర్శిస్తున్నారు. 704కు తగిలించిన ఫ్లెక్సోరైటర్ అనే టైపు యంత్రం సెకనుకు పది అక్షరాల చొప్పున జవాబులు కొడుతోంది. అంతా సాఫీగా సాగుతుండగా మెమరీ నిండింది, చెత్త ఏరే ప్రోగ్రాము లేచింది. తాను లేచిన సంగతినీ, ఆపై తన గణాంకాలనూ తీరిగ్గా టైపు చేయడం మొదలుపెట్టింది. మిగిలిన ప్రదర్శన సమయమంతా దానికే సరిపోయింది. వచ్చినవాళ్లకు ఏం జరుగుతోందో తెలియదు; లిస్ప్ బృందం మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

కాగితం మీది ప్రమేయం యంత్రంలోకి

మొదట్లో లిస్ప్‌కు రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ లేదు. ప్రమేయాలను కాగితం మీద రాసుకుని, చేత్తో అసెంబ్లీ భాషలోకి మార్చేవారు. ఫోర్ట్రాన్ కంపైలర్‌కు పట్టిన మనుషులూ ఏళ్లూ తెలిసినవాళ్లు కాబట్టి లిస్ప్ కంపైలర్‌కూ చాలాకాలం పడుతుందనుకున్నారు.

ఈలోగా మెకార్తీ ఒక సైద్ధాంతిక వ్యాసం రాస్తున్నారు. గణనకు సైద్ధాంతిక నమూనాగా చెప్పే ట్యూరింగ్ యంత్రానికి లిస్ప్ తీసిపోదనీ, వివరణకు దానికంటే చక్కనిదనీ చూపాలని ఆయన ఉద్దేశం. దానికోసం ఏ లిస్ప్ వ్యక్తీకరణనైనా తీసుకుని దాని విలువ కట్టే ‘ఇవాల్’ అనే ప్రమేయాన్ని లిస్ప్‌లోనే నిర్వచించారు. అది చదవడానికి రాసింది, నడపడానికి కాదు. బృందంలోని స్టీవ్ రస్సెల్ దాన్ని చూసి, దీన్ని యంత్రభాషలోకి మార్చితే లిస్ప్ నడుస్తుంది కదా అన్నాడు. సిద్ధాంతాన్నీ ఆచరణనూ కలిపేస్తున్నావని మెకార్తీ వారించారు. రస్సెల్ వినలేదు, చేసి చూపించాడు. అలా ఒక వ్యాసంలోని నిర్వచనం ఇంటర్‌ప్రిటర్‌గా మారింది. ఈ రస్సెలే కొన్నేళ్లకు ‘స్పేస్‌వార్’ అనే తొలి వీడియో ఆటల్లో ఒకదాన్ని చేశాడు.

దీంతో భాష రూపం ఉన్నపాటున గడ్డకట్టింది. కుండలీకరణాల రాత లోపలి వ్యవహారానికే అనుకున్నారు; మనుషులు రాసేందుకు ఫోర్ట్రాన్‌ను పోలిన మరో రాతను తర్వాత స్థిరపరుద్దామనుకున్నారు. కానీ ఇంటర్‌ప్రిటర్‌కు తెలిసింది కుండలీకరణాల రాతే. ప్రోగ్రామర్లు దానికే అలవాటుపడ్డారు, రెండో రాత రానేలేదు. లిస్ప్ కుండలీకరణాల మీద ఇన్నేళ్లుగా పేలుతున్న జోకులన్నిటికీ మూలం ఈ తొందరే.

మెకార్తీ వ్యాసం 1960 ఏప్రిల్‌లో అచ్చయింది. అదే ఏడాది వచ్చిన తొలి లిస్ప్ కరదీపికను ఫిలిస్ ఫాక్స్ అనే గణితవేత్త రాశారు. లిస్ప్ 1.5 కరదీపిక 1962లో వచ్చింది. అప్పటికి లిస్ప్ నడిచే యంత్రం ట్రాన్సిస్టర్ల ఐబీఎం 7090. అదే ఏడాది టిమ్ హార్ట్, మైక్ లెవిన్ లిస్ప్ కంపైలర్‌ను లిస్ప్‌లోనే రాసి, దాన్ని దానిచేతే అనువదింపజేశారు. అంతకుముందు 1961లోనే జేమ్స్ స్లాగిల్ కళాశాల స్థాయి సమాకలన సమస్యల్ని సాధించే ప్రోగ్రామును లిస్ప్‌లో చేసి డాక్టరేట్ పొందారు.

సిడ్నీ మలుపు

లిస్ప్ పుట్టిన ఆ రోజుల్లో మనదేశంలో కంప్యూటర్లంటే వేళ్ల మీద లెక్క. 1955లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు బ్రిటన్ నుంచి ఒకటి వచ్చింది; బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ సొంతంగా కట్టిన టిఫ్రాక్ 1960లో మొదలైంది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన తొలి మనిషిగా గిండీ నుంచి బయటికొచ్చిన రాజ్ రెడ్డి ఆస్ట్రేలియా వెళ్లి, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎం.టెక్. పూర్తి చేశారు.

ఆ విశ్వవిద్యాలయంలో 1956 నుంచి యూటీకామ్ అనే పెద్ద యంత్రం ఉంది. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీవారి డ్యూస్ రకం అది, ఆస్ట్రేలియాలోని తొలి కంప్యూటర్లలో ఒకటి. పాదరసం నింపిన గొట్టాల్లో ధ్వని తరంగాలుగా తిరుగుతూ ఉండే మెమరీలో పట్టేవి 402 వర్డులే. మిగతాదంతా తిరిగే డ్రమ్ము మీద. అక్కడి తత్వశాస్త్ర అధ్యాపకుడు చార్ల్స్ హాంబ్లిన్ 1957లో ఈ యంత్రానికి ‘జార్జ్’ అనే భాష తయారుచేశాడు. తర్కశాస్త్రం చదివినవాడు కాబట్టి, పోలండ్ తార్కికుడు వుకాషెవిచ్ కుండలీకరణాలు అక్కర్లేని రాత కనిపెట్టాడని ఆయనకు తెలుసు. దాన్ని తిరగేసి, గుర్తును చివర పెట్టాడు. అ, ఆ అనే రెండు విలువలు కలపాలంటే ‘అ ఆ +’ అని రాస్తే చాలు. యంత్రం విలువల్ని స్టాక్ మీద పేర్చుకుంటుంది, గుర్తు రాగానే పై రెండూ తీసి కలుపుతుంది. మధ్యలో వచ్చే విలువలకు పేర్లూ, చోట్లూ అవసరం లేదు.

ఏడాది తేడాతో, రెండు ఖండాల్లో, ఇరుకైన మెమరీకి రెండు జవాబులు ఇవి. హాంబ్లిన్ కుండలీకరణాల్ని తుడిచిపెట్టాడు, మెకార్తీ వాటితోనే భాష కట్టాడు. ఇద్దరికీ స్టాక్ తప్పలేదు. హాంబ్లిన్ ఊహ ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌వారి కేడీఎఫ్9 యంత్రంలోకి వెళ్లింది. హ్యూలెట్ ప్యాకర్డ్ కాలిక్యులేటర్లు అదే తరహా రాతను ఇంజనీర్ల జేబుల్లోకి చేర్చాయి. హాంబ్లిన్ పేరు మాత్రం తర్కశాస్త్రం చదివేవాళ్లకే ఎక్కువ తెలుసు.

స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్

చదువయ్యాక రాజ్ రెడ్డి ఆస్ట్రేలియాలోనే ఐబీఎంలో పనిచేసి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లారు. 1962లో మెకార్తీ ఎంఐటీ వదిలి అక్కడికే చేరారు. లిస్ప్ రచయిత శిష్యుడు లిస్ప్ మీదే పనిచేస్తాడని ఎవరైనా అనుకుంటారు. రెడ్డి ఎంచుకున్నది మాట: మనిషి గొంతు తరంగాన్ని నేరుగా విశ్లేషించి యంత్రం గుర్తుపట్టడం. 1966 నాటి ఆయన పరిశోధన గ్రంథం దాని మీదే. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలకు పీడీపీ–6 వచ్చింది. ఆ యంత్రపు వర్డు కూడా 36 బిట్లే, సగం వర్డును చిరునామాగా వాడుకునే ఆజ్ఞలతో సహా. లిస్ప్‌ను మనసులో పెట్టుకునే దాని రూపకల్పన జరిగిందని మెకార్తీ చెప్పేవారు. 704 పోయినా దాని ఆకారం కొత్త యంత్రాలను వెతుక్కుంటూ వచ్చింది.

1969లో రెడ్డి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కు మారారు. అక్కడ ఐపీఎల్ చేసిన న్యూవెల్, సైమన్ ఉన్నారు. మెకార్తీ శిష్యుడు, మెకార్తీకి జాబితాల ఊహ అందించినవాళ్ల పక్క గదిలోకి చేరాడు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పా 1971లో ఐదేళ్ల వాక్ అవగాహన కార్యక్రమం మొదలుపెట్టింది: వెయ్యి మాటల పదసంపదతో, ఆపకుండా మాట్లాడే వాక్యాన్ని యంత్రం అర్థం చేసుకోవాలి. రెడ్డి బృందం నుంచి హియర్సే, డ్రాగన్, హార్పీ వచ్చాయి. 1,011 మాటల హార్పీ 1976లో ఆ లక్ష్యాన్ని అందుకుంది.

హియర్సే తర్వాతి రూపమైన హియర్సే–2ను లిస్ప్‌లో రాయలేదు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ స్వైన్‌హార్ట్, బాబ్ స్ప్రౌల్ 1970లో పీడీపీ–10 కోసం చేసిన ‘సెయిల్’ అనే భాషలో రాశారు. అది ఆల్గాల్ సంతతి. ధ్వని తరంగం సెకనుకు వేల సంఖ్యలుగా వచ్చి పడుతుంది. ఒక్కో సంఖ్యకు ఒక్కో గూడు, దానికో గొలుసు అంటే అప్పటి మెమరీ తట్టుకోలేదు. గుర్తుల భాషకు సంఖ్యల వరద బరువు. కానీ హియర్సే–2 ఆలోచన పూర్తిగా కృత్రిమ మేధ సంప్రదాయంలోదే: ధ్వని, అక్షరం, మాట, వాక్య నిర్మాణం తెలిసిన వేర్వేరు ప్రోగ్రాములు ఒకే ‘నల్లబల్ల’ మీద తమ ఊహలు రాసుకుంటూ, ఒకరి ఊహను ఇంకొకరు సరిదిద్దుకుంటూ పోవడం. గురువు దగ్గర ఆలోచన తీసుకుని, పనిముట్టును అవసరాన్ని బట్టి మార్చుకోవడం అంటే ఇదే. తర్వాత రెడ్డి కార్నెగీ మెలన్‌లోని రోబోటిక్స్ సంస్థకు 1979లో వ్యవస్థాపక సంచాలకుడయ్యారు. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ ఆయనే.

తర్వాతి సంతతి

లిస్ప్ ఒకే భాషగా నిలవలేదు. మాక్‌లిస్ప్, ఇంటర్‌లిస్ప్ అని చీలింది. 1975లో స్కీమ్ వచ్చింది. లిస్ప్ కోసమే ప్రత్యేక యంత్రాలు కట్టి అమ్మిన కంపెనీలు లేచి పడిపోయాయి. చీలికల్ని కలపడానికి పుట్టిన కామన్ లిస్ప్‌కు 1994లో అమెరికా ప్రమాణం దక్కింది. 2007లో జావా మీద నడిచే క్లోజర్ వచ్చింది. మన ఊళ్లలో ఇంటి ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో కూడా ఆటోలిస్ప్ అనే శాఖ ఉంది. ఈ భాషను చూడటానికి సివిల్ ఇంజనీర్లకు అదే దగ్గరి దారి.

ఇవాల్ నిర్వచనం లిస్ప్ 1.5 కరదీపిక 13వ పేజీలో, కింది సగంలో ఉంటుంది. స్మాల్‌టాక్ భాష రూపకర్తల్లో ఒకరైన అలెన్ కే ఆ అరపేజీని విద్యుదయస్కాంత శాస్త్రంలో మాక్స్‌వెల్ సమీకరణాలతో పోల్చారు. తిరుపతి చుట్టుపక్కల కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థులు ఎక్కువమంది పైథాన్‌తో మొదలుపెట్టి ఉద్యోగంలో చేరేదాకా దానితోనే ఉంటారు. వాళ్లకు ఒక్క మాట: ఒక సాయంత్రం కేటాయించి ఆ 13వ పేజీని కాగితం, పెన్సిల్ పట్టుకుని ఒక్కో పంక్తీ విప్పుతూ చదవండి.